ఇంటి నీరు, ఇంటి సుఖము

చరిత్రమనగా రాజుల పట్టాభిషేకములును, యుద్ధములును, సంధులును మాత్రమే యని తలంచు కాలము గడచిపోయినది. 1949లో సురవరము ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను ప్రకటించి, మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి యను విషయములును చరిత్రమే యని తెలుగువారికి చూపిరి. అయినను ఇంటి గడప దాటి వంటయింటిలోనికిని పెరటిలోనికిని మన చరిత్రకారులు వచ్చుట నేటికిని అరుదుగానే యున్నది. ఇంటిలోని సుఖదుఃఖములు మనుష్యుల స్వభావమునుండి పుట్టునవే కాని కాలమునుబట్టియు ఊరినిబట్టియు మాఱునవి కావని మనము తెలియకయే నమ్ముచున్నాము. అత్తకు కోపమెక్కువ, కోడలికి ఓర్పు తక్కువ, మగనికి పట్టింపు లేదు అని తీర్పు చెప్పి యూరకుందుము. ఆ కోపమునకును ఆ యోర్పులేమికిని గూడ ఒక చరిత్రము కలదని చూపుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము. ఇందులకు హైదరాబాదు పాతనగరమును, అందును ఆ నగరమున ఇంటింటికి నీరు వచ్చిన విధమును నిదర్శనముగా గైకొనుచున్నాను.

నీటినే యేల గైకొనవలెనందురా? తెల్లవాఱి వాకిట అలుకు చల్లుట మొదలు రాత్రి గిన్నెలు తోమి బోర్లించువఱకు ఇంటి పనులలో నీరు అక్కఱలేనిది యేది? పసిబిడ్డకు స్నానము, ముసలివారికి వేడినీళ్లు, పూజకు చెంబెడు, దాహమునకు కుండెడు, తులసికోటకు గ్రుక్కెడు, అతిథి కాళ్లు కడుగుకొనుటకు బిందెడు. నీరు సమృద్ధిగా నున్న దినమున ఇంటిలో ఎవ్వరును నీటిని గుఱించి మాటాడరు. లేని దినమున మఱి దేనిని గుఱించియు మాటాడరు.

పాతనగరపు పేటల పేరులే ఈ చరిత్రమునకు మొదటి పుట. హరిబౌలి, గంగాబౌలి, దూద్‌బౌలి యను పేరులు నేటికిని వాడుకలో నున్నవి. బౌలి యనగా మెట్లబావి. సంస్కృతమున ‘వాపి’ యను శబ్దమే ఉత్తరాదివారి నోట ‘బావలి’ యైనది. మన నోట ‘బావి’ యైనది. ఒక పేటవారు తమ యూరికి రాజు పేరు పెట్టక బావి పేరు పెట్టుకొనిరన్నచో వారి నిత్యజీవితమునకు ఏది కేంద్రమో వేఱుగ చెప్పనక్కఱలేదు. బావులు కొన్ని పూడిపోయినను పేరులు మాత్రము పూడిపోలేదు.

పెరటిలో బావి యున్న యిల్లు భాగ్యవంతుల యిల్లని పూర్వము లెక్క. ఎండకాలపు సాయంకాలమున చేదిన చల్లని నీటితో వాకిలి తడిపి నులకమంచము వేసికొని కూర్చుండుట, పండుగనాడు తెల్లవాఱుజామున పిల్లల తలంట్లు, మల్లెపాదులోనికి పాఱు బావిగట్టు నీరు, గిలక చప్పుడుతో మేలుకొను ఇల్లు, ఇవి యన్నియు నిజమైన సుఖములే. వానిని కాదనుట అన్యాయము. కాని ఆ గిలకను త్రిప్పిన చేతులెవ్వరివో విచారింపకుండుట అంతకంటె నన్యాయము.

చిన్న లెక్క యొకటి వేసి చూతము. ఏడుగురున్న కుటుంబమునకు దినమునకు ఇరువది బిందెలు చాలుననుకొందము. బావిలో నీరు 30 అడుగుల లోతున నున్నదనియు, ఒక్క చేదతోనే ఒక్క బిందె నిండుననియు నెంచుదము. దినమునకు 600 అడుగుల త్రాడు లాగవలసియుండును. ఎవరెస్టు శిఖరము ఎత్తు 29,032 అడుగులు. ఈ యింటి కోడలు నలువదితొమ్మిది దినములలో నిండు బొక్కెనను ఆ శిఖరమంత యెత్తునకు లాగినదన్నమాట. సంవత్సరమునకు ఏడుసార్లు ఆమె ఈ పని చేయును. శిఖరము నెక్కినవారి పేరులు గ్రంథములకెక్కినవి. ఈమె చేతులకు మాత్రము కాయలు కాచినవి.

నీరు పైకెక్కించు విద్య ఆ కాలమున తెలియక కాదు. నగరము 1591లో వెలసినది. 1666, 1667 సంవత్సరములలో మన దేశమున సంచరించిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో చార్మినారును చూచి, దాని పై యంతస్తులకు నీరెక్కించి అచ్చటినుండి రాజభవనముల ఎత్తైన గదులకు పంపు ఏర్పాటును వర్ణించియున్నాడు. చార్‌కమానుల నడుమనున్న గుల్జార్ హౌజు ఆనాటి జలవైభవమునకు నేటికిని సాక్షి. అనగా రాణివాసపు మేడమీదికి నీరు తనంతట తానే వచ్చుచుండెను. దాని నీడలోనున్న గల్లీలోని యింటికి మాత్రము మనిషి మోసికొనిపోవలసియుండెను. శాస్త్రము లేమి కాదు ఇందులకు కారణము. ఎవరి శ్రమను శ్రమగా లెక్కింపవలెనను తలంపు లేమి.

బావిలేని యిండ్లకు భిస్తీ దిక్కు. తోలుసంచిని వీపున వేసికొని వచ్చు ఈ నీటిమోతగాడు పాతనగరమున నిత్యము కనబడు మనిషి. ఘోషా పాటించు ఇండ్లకు అతడు ప్రాణాధారమే. ఆచారము పాటించు హిందువుల యిండ్లలో తోలుసంచి నీరు పెరటికే గాని మడి కుండలోనికి రాకూడదు. కాబట్టి అచ్చట త్రాగునీరు ఇంటి యాడువారు తేవలసినదే. తడిబట్టతో, ఎవ్వరిని తాకక, తెల్లవాఱకముందే తేవలసినదే. మడి యను మాటకు మనము శుచి యని యర్థము చెప్పుదుము. ఆ శుచికి వెల యిచ్చినవారిలో ముందు నిలుచువారు ఇంటిలోని వితంతువులు, క్రొత్తకోడండ్రు. ఇక బావిగట్టు ఎక్కుటకే అర్హత లేదని త్రోసివేయబడిన కుటుంబముల స్త్రీల గతి యేమి? ఎవరో దయదలచి చేది పోయువఱకు కుండ పట్టుకొని దూరమున నిలుచుటయే వారి నిత్యవిధి. హైదరాబాదున 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి ఆదిహిందువుల యభ్యున్నతికి జీవితము నర్పించిన భాగ్యరెడ్డివర్మగారు (1888-1939) పోరాడిన దురాచారములకు ఇట్టి బావిగట్టులే పుట్టినిండ్లు.

పందొమ్మిదవ శతాబ్ది యారంభమున దివాను మీర్ ఆలము పేర నగరమునకు పడమట ఒక పెద్ద చెఱువు వెలసినది. 21 అర్ధచంద్రాకారపు కమానులు వరుసగా నిలిచి నీటిని ఆపు దాని కట్ట నేటికిని చూచువారికి ఆశ్చర్యము కలిగించును. చాలకాలము పాతనగరమునకు త్రాగునీటి యాధారము అదియే. కాని నగరము పెరిగిన కొలది ఆ నీరు చాలదయ్యెను. ఊరి నడుమ మూసీనది యున్నను, దానితో ఇండ్లకు గల సంబంధము స్నానములకును, చాకలిరేవులకును, పండుగలకును సరిపడినదే.

ఆ నది 1908 సెప్టెంబరు 28వ తేదీన ఇండ్లలోనికే వచ్చినది. నగరమునకు ఎగువన మూసీ పరీవాహక ప్రదేశమున నున్న 788 చెఱువులలో 221 తెగిపోయినవి. ఒక చెఱువు తెగి క్రింది చెఱువును, అది తెగి దాని క్రింది చెఱువును ముంచుకొని వచ్చి, అన్నియు ఏకమై నగరముపై బడినవి. సుమారు 15,000 మంది మరణించిరి. 19,000 ఇండ్లు కూలిపోయినవి. అఫ్జల్‌గంజు వైద్యశాల యావరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. నేటి ఉస్మానియా వైద్యశాల యావరణలో ఆ చెట్టు వారి జ్ఞాపకముగా నిలిచియున్నది. ప్రసిద్ధ ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతును కోల్పోయి తానొక్కడు బ్రదికి బయటపడెను. పదునైదువేలు అను సంఖ్యను చదువునప్పుడు మన మనస్సు కదలదు. తల్లి, భార్య, కూతురు అన్నప్పుడు ఒక యిల్లు మన కన్నుల యెదుట కూలిపోవును.

నాటి నిజాము మీర్ మహబూబ్ అలీఖాను తన భవనముల ద్వారములు తెఱపించి నిరాశ్రయులకు చోటిచ్చెను. ప్రధానమంత్రి మహారాజా కిషన్ పర్షాదు సలహాపై ఆయన చేటలో చీర, గాజులు, పసుపుకుంకుమలు పెట్టి మూసీకి సమర్పించెననియు, అప్పుడు నది శాంతించెననియు పాతనగరమున ఒక ఐతిహ్యము చెప్పుకొందురు. లాల్‌దర్వాజా బోనాల వేళ ఈ కథ మఱల మఱల వినవచ్చును. అలిగిన నదిని పుట్టింటికి వచ్చిన యాడపడుచుగా భావించి చీర పెట్టి సాగనంపిన ఈ కథలో మన ప్రజల గృహధర్మము కనబడుచున్నది. కాని ఆడపడుచు మఱల అలుగకుండవలెనన్నచో చీర యొక్కటియే చాలదని ప్రభుత్వము గ్రహించినది.

1909లో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన వరదను గోడలతో మాత్రమే యెదుర్కొనుట చాలదని యెంచి, నగరమునకు ఎగువన మూసీపై నొకటి, దాని యుపనది యీసీపై నొకటి రెండు జలాశయములు కట్టవలెనని సూచించిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఇచ్చట పాఠకులు గమనింపవలసిన విశేషము ఒకటి కలదు. వరదను ఆపుటకై తలపెట్టిన కట్టలే త్రాగునీటికి భాండాగారములైనవి. ఇండ్లను ముంచిన నీరే గొట్టముల ద్వారా అదుపులో నుండి ఇండ్లకు వచ్చుట కారంభించినది. హైదరాబాదువారు నల్లా యని పిలుచు కుళాయి పాతనగరపు సామాన్య గృహమున నిలుకడగా వెలసినది ఆ మహాదుఃఖమునకు తరువాతనే. మన గృహసౌఖ్యములలో కొన్ని ఎంత పెద్ద శోకమునుండి పుట్టినవో తెలిసికొన్నచో, నల్లా త్రిప్పునప్పుడు మన చేయి కొంచెము వినయముతో త్రిప్పును.

నల్లా వచ్చుటతో ఆచారములును కదిలినవి. కలకత్తాలో 1870లో వడకట్టిన నీరు గొట్టములగుండా వచ్చినప్పుడే ఆ నీరు మడికి పనికివచ్చునా యని ఆచారపరులు సంకోచించిరి. ఎవరు తాకిన యినుము, ఏ తోలుతో చేసిన బిళ్ల యని ప్రశ్నలు బయలుదేరినవి. కాని సౌకర్యమునకు ఎదుట శంకలు ఎంతకాలము నిలుచును? భూమిలోని గొట్టము పంచమవాడను, అగ్రహారమును అడిగి సాగదు. పీఠములెక్కి చేసిన యుపన్యాసములు పదియేండ్లలో చేయలేని పనిని ఇనుపగొట్టము నిశ్శబ్దముగా కొంతవఱకైనను చేసినది. కొంతవఱకే యనుట యేలనన, గొట్టమునకు కులము లేదు గాని గొట్టము ఏ పేటకు ముందు వేయవలెను, ఏ పేటకు వెనుక వేయవలెను అని నిర్ణయించు మనుష్యులకు కలదు.

పైగా నల్లా మొదట వచ్చినది అనేక చోట్ల ఇంటిలోనికి కాదు, వీధిలోనికి. బావిగట్టు పోయి నల్లాగట్టు వచ్చినది. బిందెల వరుస, వంతులు, వంతు తప్పిన తగవులు, తగవులలో మూడు తరముల వంశచరిత్రములు! మన హాస్యకథలలో నల్లాకడ కయ్యములు చదివి నవ్వుకొందుము. అందు నవ్వుటకు తగినది కొంత కలదు. అచ్చటనే స్నేహములును పెరిగినవి, పెండ్లి సంబంధములును కుదిరినవి, తెలుగు ఉర్దూ భాషలు రెండును కలసి ఒక్క బిందెలో పడినవి. ఇల్లు దాటి యెఱుగని స్త్రీకి అదియే సభ, అదియే వార్తాపత్రిక. ఇంటింటికి నల్లా వచ్చుటచే ఈ సాంగత్యము పోయినదని విచారించువారు గలరు. వారి విచారము అసత్యము కాదు. కాని స్త్రీలకు సాంగత్యము కావలెనన్నచో గ్రంథాలయము, పాఠశాల, సమాజమందిరము కావలెను. నెత్తిమీద బిందె యేల కావలెను?

ఇచ్చట మన సంస్కర్తలను గుఱించి ఒక మాట చెప్పక తప్పదు. 1883లో వీరేశలింగముగారు ‘సతీహితబోధిని’ని స్థాపించినది మొదలు స్త్రీల పత్రికలు మన యిండ్లకు చేసిన మేలు అపారము. చదువు, ఆరోగ్యము, శిశుపోషణము అను విషయములు గృహిణులకు చేరినవి ఆ పత్రికల వలననే. కాని వానిలో గృహశాంతిని గుఱించి వచ్చిన హితవులను చదివినచో ఒక లోపము కనబడును. మగడు అలసి వచ్చునప్పుడు భార్య చిఱునవ్వుతో ఎదురురావలెను. ఇల్లు శుభ్రముగా నుండవలెను. పిల్లలు కడిగిన ముత్యములవలె నుండవలెను. ఇట్లుండును ఆ హితవుల ధోరణి. ముత్యములను కడుగుటకు నీరెచ్చటనుండి వచ్చెనని అడిగినవారు తక్కువ. గృహశాంతి భార్య గుణమునుబట్టి యుండునని చెప్పుట సులభము. అది పురపాలకసంఘపు గొట్టమునుబట్టియు నుండునని చెప్పినచో పురుషులు కూడ పని చేయవలసివచ్చును. 1930లో జోగిపేటలో నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను నిజాము రాష్ట్రాంధ్ర మహిళాసభ జరిగినప్పుడు మన తెలంగాణపు స్త్రీలు తమ కష్టములను తామే సభలో చెప్పుకొను కాలము ప్రారంభమైనది. తమ నోటితో చెప్పుకొనుటకును, తమ తరఫున మఱియొకరు హితవు చెప్పుటకును గల భేదము ఇందులోనే యున్నది.

ఇప్పటి స్థితి యేమి? ఆ రెండు జలాశయములు పెరిగిన నగరమునకు చాలక, మంజీర నీరు, 2004నుండి కృష్ణ నీరు, 2015నుండి గోదావరి నీరు దూరమునుండి వచ్చుచున్నవి. 1989లో నీటికిని మురుగుకును ప్రత్యేకముగా ఒక మండలి యేర్పడినది. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల వఱకు ఉచితమను పథకము మొదలైనది. ఇవి యన్నియు అభినందింపదగిన పనులే. అయినను పాతనగరపు ఇఱుకు గల్లీలలో నీరు దినము విడిచి దినము, అదియు కొన్ని గంటలు మాత్రమే వచ్చు ఇండ్లు అనేకములున్నవి. నీటికి వెల లేదు గాని వేళకు వెల యున్నది. ఆ వేళకు ఇంటిలో ఎవరో ఒకరు కనిపెట్టుకొని యుండవలెను. డ్రమ్ములు, బిందెలు, హౌజు నింపుకొనవలెను. ప్రక్కయింటివారు మోటారు పెట్టి లాగినచో వాదులాడవలెను. ఆ ఎవరో ఒకరు ఎవరు? పాఠశాలలలో పనిచేయువారిని అడుగుడు. నల్లా వచ్చు దినమున ఆలస్యముగా వచ్చు పిల్లలలో బాలురెందఱో బాలికలెందఱో హాజరుపట్టీయే చెప్పును. ఇది మన యొక్క నగరపు మాట కాదు. ఇంటి యావరణలో నీరు లేని కుటుంబములను ప్రపంచమంతట పరిశీలించి, పదింట ఏడు ఇండ్లలో నీరు తెచ్చు భారము స్త్రీలపైనను బాలికలపైననే యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు యునిసెఫును 2023లో ప్రకటించినవి.

నీటి మఱియొక ముఖమును గూడ మఱవరాదు. 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి చెఱువులు పొంగి, తెగి, ఫలక్‌నుమా ప్రాంతపు బస్తీలను ముంచినవి. నూటపండ్రెండు సంవత్సరముల క్రిందట చెప్పబడిన పాఠమే మఱల చెప్పబడినది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల చుట్టు పది కిలోమీటర్ల మేర కట్టడములకు హద్దులు విధించుచు 1996లో 111వ ఉత్తరువు వెలువడినది. 2022లో ప్రభుత్వము ఆ కట్టుబాట్లను సడలించుచు వేఱొక ఉత్తరువు ఇచ్చినది. నీటి దారిని ఆక్రమించి ఇల్లు కట్టుకొన్నవాడు తన కుటుంబమునకు సుఖము సంపాదించితినని తలంచును. నీరు మాత్రము తన దారిని మఱవదు. ఎగువన నొకని సుఖము దిగువన మఱియొకని యింటి దుఃఖమగుట 1908లో ఎట్లో నేడును అట్లే.

ఇంతవఱకు చెప్పినదానివలన ఇంటి కలహములన్నిటికి నీరే కారణమని యెవ్వరును తలంపకుందురు గాక. నీరు సమృద్ధిగా నున్న మేడలలోను కన్నీరు కలదు. బిందెడు నీళ్లతో గడపు ఇండ్లలోను నవ్వులు కలవు. నేను చెప్పునది ఇంతమాత్రమే: ఒక గృహిణి విసుగుకొన్నప్పుడు ఆమె స్వభావమును విమర్శించుటకు ముందు ఆమె దినచర్యను విచారింపుడు. ఎన్ని గంటలకు లేచినది, ఎంత నీరు మోసినది, ఎంతసేపు నల్లాకడ నిలిచినది అడుగుడు. అడిగి యూరకుండక, రేపటి వంతు మీరు తీసికొనుడు. కొడుకునకు బిందె నెత్తుకొనుట నేర్పి, కూతును వేళకు బడికి పంపుడు. మీ వీధికి నీరు వచ్చు వేళ నిలుకడగా నుండునట్లును, అది ముందుగా తెలియునట్లును మండలివారికి పేటవారందఱు కలసి విన్నపము వ్రాయుడు. ఆ విన్నపముమీద ఇంటి స్త్రీల సంతకములు మొదట నుండనిండు. ఆ వేళ యెంత విలువైనదో వారికంటె నెక్కువ తెలిసినవారు లేరు.